అసిస్టివ్ టెక్నాలజీ స్పెషలిస్ట్ ఉద్యోగం: రోజంతా ఏం పని ఉంటుంది?

సందేహాల_సత్తి

అందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఈ మధ్య వెబ్‌సైట్ల యాక్సెసిబిలిటీ, అంటే వికలాంగులు కూడా వాడగలరా లేదా అని, పరీక్షించే పని నా నెత్తిన పడింది. మొదట విసుక్కున్నాను గానీ పోనుపోను అదే ఇష్టమైపోయింది. ఇప్పుడొక పునరావాస కేంద్రం వాళ్లు అసిస్టివ్ టెక్నాలజీ (వికలాంగులకి తోడ్పడే పరికరాలు, సాఫ్ట్‌వేర్) స్పెషలిస్ట్ పోస్టుకి ఇంటర్వ్యూకి రమ్మన్నారు.

వెబ్ యాక్సెసిబిలిటీకి ప్రమాణంగా తీసుకునే డబ్ల్యూసీఏజీ నియమాలు బాగానే తెలుసు. అక్షరానికీ బ్యాక్‌గ్రౌండ్‌కీ మధ్య కాంట్రాస్ట్ 4.5:1 ఉండాలనే దగ్గర్నుంచి, 2023లో వచ్చిన 2.2 వెర్షన్‌లో బటన్ కనీసం 24 పిక్సెళ్లు ఉండాలనే దాకా. రానిదల్లా, ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని పని చేయడం. థెరపీ చదవలేదు, మెడికల్ బ్యాక్‌గ్రౌండ్ లేదు. ఇంతకీ ఈ ఉద్యోగంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు? ఎన్ని పరికరాలు తెలిసుండాలి? చేస్తున్నవాళ్లు, వాడుతున్నవాళ్లు ఎవరైనా సరే, మొహమాటం లేకుండా చెప్పండి.

స్విచ్చుబోర్డు

సత్తి గారూ, స్వాగతం. ఈ పనిలోనే నా జుట్టు నెరిసింది కాబట్టి నేనే మొదలుపెడతాను.

ఎన్ని పరికరాలు తెలియాలన్న బెంగ వదిలేయండి, అవి కేటలాగ్ తిప్పితే ఎవరికైనా తెలుస్తాయి. వచ్చిన మనిషి ఏం చేయాలనుకుంటున్నారు, ఎక్కడ చేయాలి, ఇప్పుడు ఎక్కడ ఆగిపోతున్నారు, ఇది తెలుసుకోవడానికే సగం పూట పోతుంది. తర్వాత రెండు మూడు రకాలు ట్రయల్‌కి ఇవ్వడం, సెట్టింగులు, బల్లకో వీల్‌చైర్‌కో బిగించడం, ఇంట్లోవాళ్లకీ టీచర్లకీ నేర్పడం. ఆపైన రిపోర్టులు. వీటి సంగతి ఎవరూ ముందు చెప్పరు. డబ్బిచ్చేవాళ్లకి ‘ఈయనకి ఇదే ఎందుకు, దీనికంటే చవకది ఎందుకు పనికిరాదు’ అని రాసి ఒప్పించాలి. రాత బాగున్నవాడికి ఈ ఉద్యోగంలో సగం గండం గడిచినట్టే.

జాయ్ జబాలా అనే అమెరికన్ నిపుణురాలు ‘సెట్’ అని ఒక పద్ధతి ఇచ్చారు. ముందు విద్యార్థి, తర్వాత పరిసరాలు, తర్వాత చేయాల్సిన పని, ఆఖర్న పరికరం. స్కూలు పిల్లల కోసం పెట్టినదే అయినా పెద్దవాళ్లకీ సరిపోతుంది. ఇంత తేలికైన వరసని ఎంతమంది తలకిందులు చేస్తారో చేరాక మీరే చూస్తారు. ముందు టాబ్లెట్ కొనేసి, ‘దీంతో మావాడు ఏం చేయొచ్చో చెప్పండి’ అని వస్తారు.

తెల్లకర్ర

నేను పుట్టు అంధురాలిని. తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, అంటే స్క్రీన్ రీడర్, నేర్పడం నా ఉద్యోగం. సత్తి గారూ, మీలాంటి టెస్టర్లు మా దగ్గర చేరినప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది, ముందే చెబుతాను. మీకు స్క్రీన్ రీడర్ వచ్చు, కానీ కళ్లతో చూస్తూ వచ్చు. ‘అదిగో, పైన కుడిపక్క బటన్ ఉంది చూడండి’ అంటారు. నా విద్యార్థికి పైనా లేదు, కుడిపక్కా లేదు. ముందేముంది, తర్వాతేముంది, అంతే.

ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌లో స్క్రీన్ కర్టెన్ అని ఉంది. ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్), కంట్రోల్, ఎస్కేప్ కలిపి నొక్కితే తెర నల్లగా అయిపోతుంది. అది వేసుకుని ఒక పూటంతా మీ పని మీరు చేసి చూడండి.

నడివయసులో చూపు పోయినవాళ్లకి నేర్పేటప్పుడు నేను మెనూలతో మొదలుపెట్టను. ముందు ఎఫ్, జె కీల మీద ఉండే చిన్న గీతలు వేళ్లకి దొరకాలి. తర్వాత ఎన్‌వీడీఏ కీతో 1 నొక్కితే ఇన్‌పుట్ హెల్ప్ వస్తుంది, అప్పుడు ఏ కీ నొక్కినా దాని పేరు చెబుతుందే తప్ప పని చేయదు. భయం లేకుండా కీబోర్డంతా తడిమి చూసుకోవచ్చు. ఆ భయం పోవడమే మొదటి పాఠం. రెండో పాఠం, వాళ్లకి నిజంగా వచ్చిన ఈమెయిల్ ఒకటి చదువుకోవడం. కూతురు రాసిన ఉత్తరం ఎవరి సాయం లేకుండా విన్నవాళ్లు మర్నాడు గంట ముందే వచ్చి కూర్చుంటారు. శీర్షికల మీద గెంతడానికి హెచ్ నొక్కాలనే లాంటివి తర్వాత వాళ్లే అడిగి తెలుసుకుంటారు.

ఇంకో సంగతి, గొంతు వేగం. నాలాంటివాళ్లు వినే వేగం మీకు అర్థం కాదు. కొత్తవాళ్లకి ఆ వేగం పెడితే పారిపోతారు. సెంటర్‌లో ఒకే కంప్యూటర్‌ని అందరూ వాడతారు కాబట్టి ఇది రోజూ జరిగే గొడవే.

వాడి_అమ్మ

నేను నిపుణురాలిని కాను. మా బాబుకి మాట రాదు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి). వాడుతున్నవాళ్లు కూడా చెప్పండి అన్నారు కాబట్టి రాస్తున్నాను.

మేం మొదట వెళ్లిన చోట ‘ముందు బొమ్మలు గుర్తుపట్టనివ్వండి, కాసేపు కుదురుగా కూర్చోనివ్వండి, అప్పుడు మాట్లాడే పరికరం గురించి చూద్దాం’ అన్నారు. అలా ఏళ్లు గడిచిపోయాయి. తర్వాత ఇంకో చోట పరికరం చేతికిచ్చి పంపేశారు. ఎలా వాడాలో ఒక్క పూట చెప్పారు. ఇంటికొచ్చాక అది మా బీరువాలో ఉండిపోయింది. మళ్లీ ఫోన్ చేసి అడిగినవాళ్లు లేరు. సత్తి గారూ, మీరు ఈ ఉద్యోగంలో చేరితే దయచేసి ఒక్క ఫోన్ చేయండి. అంతకంటే ఏం చెప్పాలో తెలియదు.

స్విచ్చుబోర్డు

> ముందు బొమ్మలు గుర్తుపట్టనివ్వండి

అమ్మ గారూ, ఇది చదివితే ఒళ్లు మండుతోంది. ఏఏసీకి, అంటే మాటకి తోడుగానో బదులుగానో వాడే పద్ధతులకి, ‘ముందు ఇది రావాలి, అది రావాలి’ అనే అర్హత పరీక్ష పెట్టకూడదని ఈ రంగంలో ఎప్పుడో తేల్చేశారు. పసిపిల్లలతో మాట్లాడటానికి వాళ్లకి మాటలు వచ్చేదాకా ఆగుతామా? మనం మాట్లాడుతూ ఉంటాం, వాళ్లు వింటూ నేర్చుకుంటారు. ఇక్కడా అంతే. పెద్దవాళ్లు తాము మాట్లాడేటప్పుడు పరికరంలో ఉండే మాటల బోర్డు మీదున్న బొమ్మల్ని తామే నొక్కి చూపిస్తూ మాట్లాడాలి. ఇలా చేయడాన్ని మోడలింగ్ అంటాం. ‘ఇది నొక్కు, అప్పుడే ఇస్తాను’ అని పరీక్ష పెట్టడం కాదు.

సత్తి గారూ, ఇక్కడ మీ టెస్టింగ్ బుర్ర పనికొచ్చే చోటు ఒకటుంది. పిల్లలకి కొన్నాళ్లకి బటన్ ఎక్కడుందో వేలికి అలవాటైపోతుంది, కీబోర్డు చూడకుండా టైప్ చేసినట్టే. ఎవరో ‘కొత్త పదాలు పెడదాం’ అని గ్రిడ్ (బోర్డు మీద గళ్ల అమరిక) మార్చేస్తే ఆ అలవాటంతా మట్టికొట్టుకుపోతుంది. అందుకని మొదటిరోజే పెద్ద గ్రిడ్ వేసి, ఇప్పుడు అవసరం లేనివి దాచిపెడతాం. తర్వాత తెరుస్తూ పోతాం గానీ ఉన్నవాటిని కదపం. ఇక తెలుగు ఇళ్లలో ఇంగ్లిష్ పదాలతో, ఇంగ్లిష్ గొంతుతో తయారైన బోర్డు పెట్టేసి, వాడు నానమ్మతో మాట్లాడటం లేదని చెప్పేవాళ్లకి ఏం చెప్పాలి! మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ‘వచ్చాను, వచ్చింది, వచ్చారు’ అని చివర్లు మారిపోతాయి. ఇంగ్లిష్ గ్రిడ్‌లో పదాల మీద తెలుగు పదాలు అతికిస్తే వాక్యం రాదు. కూర్చుని మొదట్నుంచీ కట్టుకోవాల్సిందే.

చేతిపని

రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తోడ్పడే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని. బీరువా సంగతి వచ్చింది కాబట్టి ఒక లెక్క చెబుతాను. 1993లో ఫిలిప్స్, జావో అనే ఇద్దరు 227 మంది పెద్దవాళ్లని అడిగి ఒక అధ్యయనం ప్రచురించారు. ఇచ్చిన పరికరాల్లో 29.3 శాతాన్ని పూర్తిగా పక్కన పడేశారని తేలింది. కారణాలు నాలుగు చెప్పారు: ఎంచుకునేటప్పుడు వాడే మనిషి అభిప్రాయం పట్టించుకోకపోవడం, పరికరం మరీ సులువుగా చేతికి రావడం, సరిగ్గా పనిచేయకపోవడం, మనిషి అవసరాలు మారిపోవడం. రెండో కారణం చాలామందికి వింతగా ఉంటుంది. కానీ మా అనుభవం కూడా అదే. ఎవరూ ఏమీ అడక్కుండా, చూడకుండా చేతిలో పెట్టేసిన వస్తువే ముందు మూలన పడుతుంది.

సత్తి గారికి నా తరఫున ఒక్క మాట. చేత్తోనో తలతోనో నొక్కి పరికరాన్ని నడిపే స్విచ్ పెట్టే ముందు, కళ్లతో నడిపే కంప్యూటర్ పెట్టే ముందు, మనిషి ఎలా కూర్చున్నారో చూడండి. కటి భాగం ఒక పక్కకి ఒరిగితే వెన్ను ఒరుగుతుంది, తల ఆడుతుంది, తల ఆడితే చూపు ఆగదు. ‘ఐ ట్రాకర్ పని చేయట్లేదు’ అని పిలిస్తే వెళ్లి, కుర్చీలో కుషన్ సరిచేసి వచ్చిన సందర్భాలున్నాయి. అది మీ పని కాదు, మా పని. కానీ మమ్మల్ని పిలవాలని మీకు తట్టాలి.

మరమ్మత్తు_మామ

థెరపిస్టులు ఏమనుకున్నా సరే, ఈ రంగంలో సగం వస్తువులకి అంత ఖరీదు అక్కర్లేదు. స్విచ్ అంటే ఏముంది, రెండు తీగలు కలిస్తే సర్క్యూట్ పూర్తవుతుంది. దాదాపు అన్నిటికీ ఒకటే 3.5 మిల్లీమీటర్ల మోనో జాక్, హెడ్‌ఫోన్ ప్లగ్గు లాంటిదే. వికలాంగులు గేమ్‌లు ఆడుకోవడానికి 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ వెనక కూడా ఆ సాకెట్లే వరసగా ఉంటాయి. బ్యాటరీ బొమ్మకి స్విచ్ తగిలించాలంటే రెండు పక్కలా రాగి అంటించి, మధ్యలో కరెంటు పారని పొర ఉన్న సన్నటి ముక్క చాలు, ఆ రెండు రాగి పక్కల నుంచి తీగలు స్విచ్‌కి వెళ్తాయి. దాన్ని బ్యాటరీకీ దాని కాంటాక్టుకీ మధ్య దూరిస్తే బొమ్మ మన స్విచ్ మాట వింటుంది. మేకర్స్ మేకింగ్ చేంజ్ లాంటి వెబ్‌సైట్లలో త్రీడీ ప్రింట్ డిజైన్లు ఉచితంగా దొరుకుతాయి. సత్తీ, నువ్వు టంకం వేయడం నేర్చుకో నాయనా, సర్టిఫికెట్ల కంటే అది ఎక్కువ పనికొస్తుంది.

చేతిపని

మామ గారూ, స్విచ్‌ల వరకు మీతో గొడవ లేదు. కానీ ఇదే ధీమాతో కూర్చునే కుషన్లు, నడుము బెల్టులు, తలకి ఆనించే పట్టీలు ఇంట్లో తయారు చేసేవాళ్లని చూశాను. స్పర్శ తెలియని మనిషికి ఒత్తిడి పుండు పడితే అది మానడానికి నెలలు పడుతుంది, కొన్నిసార్లు ప్రాణం మీదికొస్తుంది. చేతితో నొక్కే వస్తువు పాడైతే మళ్లీ చేసుకోవచ్చు. ఒంటి బరువు మోసే వస్తువు దగ్గర ఆ చొరవ వద్దు.

మరమ్మత్తు_మామ

ఒప్పుకున్నాను తల్లీ. ఒంటి బరువు మోసేవాటి జోలికి నేను పోను. నా బల్ల మీద స్విచ్‌లు, బిగింపు గొట్టాలు, కీబోర్డు మీద పెట్టే కీగార్డులు, అంతే.

ఫోన్‌చాలు

అందరూ సీనియర్లే ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. ఇంకా ఈ ఉద్యోగం ఎన్నాళ్లుంటుంది? ఐఫోన్‌లో వాయిస్ఓవర్ అనే స్క్రీన్ రీడర్ 2009లోనే వచ్చింది, ఆండ్రాయిడ్‌లో అలాంటిదే టాక్‌బ్యాక్ కూడా అదే ఏడాది. ఇప్పుడు ఫోటో తీస్తే ఏఐ మొత్తం వర్ణిస్తోంది. స్పెషలిస్ట్ చేసేది ఫోనే చేస్తుంటే సత్తి ఉన్న ఉద్యోగం మానుకుని ఇందులో దూకడం ఎందుకు?

తెల్లకర్ర

ఫోన్ నా జీవితాన్ని మార్చిందన్నది నిజం. ఒకప్పుడు విడివిడిగా మోసుకెళ్లిన రంగులు చెప్పే యంత్రం, నోట్లు గుర్తించే యంత్రం, పుస్తకం చదివే యంత్రం అన్నీ ఇప్పుడు జేబులోనే ఉన్నాయి. కానీ ఏఐ సంగతి మీరు కళ్లున్నవారు కాబట్టి తేలిగ్గా అంటున్నారు. అది తప్పు చెప్పినా ఒప్పు చెప్పినంత నమ్మకంగానే చెబుతుంది. మందుల అట్ట మీద అక్షరం మసకగా పడితే ఆగి ‘కనబడట్లేదు’ అనకుండా ఏదో ఒక పేరు చదివేస్తుంది. ఎప్పుడు దాన్ని నమ్మాలి, ఎప్పుడు మనిషికి వీడియో కాల్ చేయాలి, ఎప్పుడు బ్రెయిలీ లేబుల్ అంటించుకోవాలి, ఇవన్నీ ఎవరో ఒకరు నేర్పాలి కదా. పైగా ఫోన్‌లో అప్‌డేట్ వచ్చిన మర్నాడు నాకొచ్చే కాల్స్ చూస్తే ఈ ప్రశ్న అడగరు.

మరొకటి. తెలుగు పీడీఎఫ్‌లు చాలావాటిలో అక్షరాలు పాత నాన్-యూనికోడ్ ఫాంట్లలో ఉంటాయి. కంటికి చక్కటి తెలుగు, నా స్క్రీన్ రీడర్‌కి అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గుట్ట. ఫోన్ దీన్ని బాగు చేయదు. ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్, పెట్టి, తప్పులు దిద్దుకుని చదువుకోవాలి. ఒత్తుల దగ్గర అది ఎంత తడబడుతుందో అడక్కండి.

స్విచ్చుబోర్డు

ఫోన్‌చాలు గారికి ఇంకో లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం కనీసం ఒక సహాయక సాధనమైనా అవసరమైనవారు 250 కోట్ల పైమాటే. అందులో దాదాపు 100 కోట్ల మందికి అవి అందట్లేదు. కళ్లజోడు, వినికిడి యంత్రం, వీల్‌చైర్ అన్నీ ఈ లెక్కలో కలిసే ఉంటాయి. పని అయిపోయిందనే మాట అప్పుడే వద్దు.

సందేహాల_సత్తి

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. వాడి_అమ్మ గారూ, మీ మాట గుర్తుంచుకుంటాను.

ఇంటర్వ్యూకి వాళ్లు ముందే ఒక కేసు పంపారు. 19 ఏళ్ల కాలేజీ అమ్మాయి, సెరిబ్రల్ పాల్సీ, చేతులు వణుకుతాయి, మాట స్పష్టంగా ఉండదు. క్లాసులో నోట్సు రాసుకోవాలి. ‘ఏ పరికరం సూచిస్తారు’ అని అడిగారు. నాకు మొదట తట్టింది మాటని అక్షరాలుగా మార్చే డిక్టేషన్. సరేనా?

చేతిపని

మాట స్పష్టంగా లేదని వాళ్లే చెప్పారుగా! మామూలు డిక్టేషన్ అలాంటి మాటని సరిగ్గా పట్టుకోదు. పట్టుకున్నా క్లాసు మధ్యలో ఆ అమ్మాయి గట్టిగా మాట్లాడుతూ కూర్చోవాలి. ఇప్పుడు ఎలా రాస్తోందో ముందు అడగండి. ఒక వేలితో టైప్ చేస్తోందా? ఎక్కడ తప్పు పడుతోంది? ఒకే అక్షరం రెండుసార్లు పడుతోందా, పక్క కీ పడుతోందా, షిఫ్ట్ పట్టుకుని ఇంకో కీ నొక్కలేకపోతోందా? ఒక్కో తప్పుకి మందు వేరు.

స్విచ్చుబోర్డు

పైన చెప్పినదాన్నే కొనసాగిస్తాను, ఇది ఇంటర్వ్యూలో నేరుగా పనికొస్తుంది. అక్షరం రెండుసార్లు పడితే బౌన్స్ కీస్. వేలు పోతూపోతూ దారిలో పక్క కీలని తాకితే స్లో కీస్, లేదా అక్షరాల మీద రంధ్రాలున్న కీగార్డ్. షిఫ్ట్ సమస్యకి స్టిక్కీ కీస్. కీగార్డ్ తప్ప ఇవన్నీ విండోస్‌లో ఉన్నవే, పైసా ఖర్చు లేదు. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ వస్తుంది, కుడి షిఫ్ట్ 8 సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్, బౌన్స్ కీస్, స్లో కీస్ అందులోవే. వీటికి తోడు పదం సగం టైప్ చేయగానే మిగతాది సూచించే ప్రిడిక్షన్.

అయినా నన్ను అడిగితే, అసలు ఆ అమ్మాయి నోట్సు రాయాలా? స్లైడ్లు ముందే ఇమ్మని లెక్చరర్లని అడగొచ్చు, పాఠం రికార్డ్ చేసుకోవచ్చు, పక్కనున్న స్నేహితురాలి నోట్సు కాపీ తీసుకోవచ్చు. అప్పుడు ఆ అమ్మాయి తన ఓపికని పాఠం వినడానికి వాడుకుంటుంది. టైపింగ్‌ని పరీక్షలకీ అసైన్‌మెంట్లకీ దాచుకుంటుంది. ఏది కావాలో తేల్చాల్సింది ఆమే. ‘ఆమెను కలవకుండా పరికరం పేరు చెప్పలేను, కలిసినప్పుడు ఇవి అడుగుతాను’ అని చెప్పండి. దానికి మార్కులు వేయని చోట చేరకపోయినా నష్టం లేదు.

స్కానింగ్ మీద ప్రశ్న వస్తే ఇది కూడా ఉంచుకోండి. తెర మీద గళ్లు ఒక్కొక్కటిగా వెలుగుతూ పోతుంటాయి, కావాల్సినది వెలిగినప్పుడు మనిషి స్విచ్ నొక్కాలి. ఎంత వేగంగా వెలగాలి? సింప్సన్, కోస్టర్‌ల బృందం ఒక సూత్రం ఇచ్చింది. మనిషి స్పందించడానికి పట్టే సమయాన్ని 0.65తో భాగించాలి. 1.3 సెకన్లు పడితే ఒక్కో గడి 2 సెకన్లు వెలగాలి. అంతకంటే వేగం పెడితే తప్పులు, నెమ్మది చేస్తే ఒక్కో పదానికి యుగాలు పడుతుంది. పొద్దున ఒక అంకె, సాయంత్రం అలిసిపోయాక ఇంకో అంకె వస్తుంది, రెండు పూటలా కొలవండి.

వాడి_అమ్మ

స్విచ్చుబోర్డు గారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబు పెద్ద స్విచ్ కుడి చేత్తో నొక్కబోతాడు, చెయ్యి బిగుసుకుపోయి వదల్లేడు. అందుకే మేం ఆపేశాం. ఇప్పుడు మళ్లీ తీయమంటారా?

స్విచ్చుబోర్డు

తప్పకుండా తీయండి అమ్మా. కానీ చేతి దగ్గరే ఆగిపోవద్దు. వాడు ఆడుకునేటప్పుడు, నవ్వేటప్పుడు ఒళ్లు బిగుసుకోకుండా ఏది కదులుతుందో ఒక వారం గమనించండి. తల పక్కకి తిప్పడమా, మోకాలు పక్కకి జరపడమా, పాదమా? చాలామంది పిల్లలకి తల పక్కన స్విచ్ నప్పుతుంది. స్టీఫెన్ హాకింగ్ చివరి ఏళ్లలో చెంప కండరం కదలికతోనే కంప్యూటర్ నడిపారు. కదలిక ఎంత చిన్నదైనా ఫర్వాలేదు, మళ్లీమళ్లీ అదే రావాలి, వచ్చాక వదలగలగాలి. వదలడం కష్టమైతే సాఫ్ట్‌వేర్‌లో ‘ఎంతసేపు నొక్కి ఉంచినా ఒక్కసారిగానే లెక్కపెట్టు’ అనే సెట్టింగ్ కూడా ఉంటుంది. ఫోన్‌లో చిన్న వీడియో తీసి మీ థెరపిస్ట్‌కి చూపించండి. మొదట మాటల బోర్డుకి కాకుండా వాడికిష్టమైన పాటకో బొమ్మకో తగిలించండి.

మరమ్మత్తు_మామ

అమ్మా, ఒక చిన్న సంగతి. స్విచ్ నొక్కినా ఏమీ జరగకపోతే పిల్లాడి చెయ్యి అనుకోకండి, ముందు జాక్ చూడండి. హెడ్‌ఫోన్ తీగ లాంటి స్టీరియో ప్లగ్గుకి రెండు నల్ల వలయాలుంటాయి, మోనోకి ఒకటే. పరికరానికి మోనో కావాల్సిన చోట స్టీరియో పెడితే కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు చేయదు. ప్లగ్గు దగ్గర తీగ లోపల తెగినా అంతే. తీగ వంచి చూస్తూ నొక్కితే తెలిసిపోతుంది.

వాడి_అమ్మ

రెండు వలయాలున్నాయి మామ గారూ!

మరమ్మత్తు_మామ

అయితే మోనో అడాప్టర్ ఒకటి పెట్టి చూడండి. ఇంకా ఆడకపోతే ప్లగ్గు ఫోటో, పరికరం వెనక సాకెట్ ఫోటో రెండూ ఇక్కడ పెట్టండి.

తెల్లకర్ర

ఫోటోతో పాటు కింద రెండు ముక్కలు రాసి పెట్టండి, నేనూ వింటాను. సత్తి గారూ, మీకు ఇంటర్వ్యూకి ముందు హోంవర్క్. స్క్రీన్ కర్టెన్ వేసుకుని ఏదైనా ఒక ఆన్‌లైన్ దరఖాస్తు మొదట్నుంచి చివరిదాకా నింపండి. కాప్చా దగ్గర ఇరుక్కుంటే కర్టెన్ తీయకుండానే ఇక్కడికొచ్చి అడగండి.